మే నెల ఎండకు నిలిచే వేగం



నెక్కొండ స్టేషన్‌లో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మనవాళ్లు సీటీసీ అంటారు, అక్కడికి పోయి కంప్యూటర్ సామాను తెచ్చుకోవడం మన పిల్లలకు కొత్త కాదు. ఇంజనీరింగ్ చదివేవాళ్లు, ఫొటో స్టూడియో నడిపేవాళ్లు, పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవాళ్లు, ఆటలంటే ప్రాణం పెట్టేవాళ్లు. వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. ఓవర్‌క్లాకింగ్ చేసుకోవాలంటే ఏ ప్రాసెసర్ కొనాలి, దానికి ఏ ర్యామ్ జత చేయాలి? ఈ రోజు ప్రసంగం దాని మీదే. నా అభిప్రాయం మొదట్లోనే చెబుతాను. మన ఎండకు, మన కరెంటుకు, ప్రాసెసర్‌ను ఉరికించడం కన్నా దానికి సరిపడే ర్యామ్‌ను పొందికగా కూర్చుకోవడంలోనే లాభం ఎక్కువ.

కంపెనీ ఒక చిప్‌ను ఇంత వేగంతో నడవాలని నిర్ణయించి అమ్ముతుంది. దాన్ని అంతకన్నా ఎక్కువ వేగంతో నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. ప్రాసెసర్ వేగం ఎలా వస్తుందో ఒక లెక్కతో చెప్పొచ్చు. మదర్‌బోర్డు ఒక మూల వేగం ఇస్తుంది, ఈ రోజుల్లో అది 100 మెగాహెర్ట్జ్. ప్రాసెసర్ దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసుకుంటుంది. గుణకం 44 అయితే 4.4 గిగాహెర్ట్జ్. ఆ 44ను 47 చేయగలిగితే 4.7.

ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చిన చిప్ 1998లో వచ్చింది. హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన సంవత్సరమే అది. ఇంటెల్ కంపెనీ సెలెరాన్ 300ఏ అని చవక ప్రాసెసర్ ఒకటి విడుదల చేసింది. దాని గుణకం నాలుగున్నర దగ్గర బిగించి ఉంది, మార్చడానికి లేదు. మూల వేగం 66 మెగాహెర్ట్జ్, అంటే మొత్తం 300. కుర్రాళ్లు ఏం చేశారంటే, గుణకం జోలికి పోకుండా మూల వేగాన్నే 66 నుంచి 100కు పెంచారు. నాలుగున్నర వందలు 450. చవక చిప్ కాస్తా ఆనాటి ఖరీదైన పెంటియం 2 పక్కన నిలబడింది. అయితే ఇందులో ఒక షరతు ఉంది. మూల వేగం 100కు పెరిగితే ర్యామ్ కూడా 100 దగ్గర నడవాలి. పీసీ100 అనే ర్యామ్ ఉన్నవాళ్లకు 450 వచ్చింది. 66 కోసం చేసిన పాత ర్యామ్ ఉన్నవాళ్లకు మిషన్ ఆగిపోయింది. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ పొంతన కుదరాలన్న సంగతి అప్పుడే తేలిపోయింది. పాతికేళ్లు దాటినా అది మారలేదు.

ఇప్పుడు ప్రాసెసర్ కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను.

ఇంటెల్ చిప్‌లలో పేరులో అంకెల తర్వాత ‘కె’ అనే అక్షరం ఉంటేనే గుణకం మార్చుకోవచ్చు. 13600కె, 14600కె అలాంటివి. అయితే ప్రాసెసర్‌కు కె ఉంటే సరిపోదు, బోర్డు మీద జడ్ తరగతి చిప్‌సెట్ ఉండాలి. జడ్690, జడ్790 అన్నమాట. బి660, బి760 బోర్డులో కె ప్రాసెసర్ పెడితే అది చక్కగా నడుస్తుంది కానీ గుణకం మార్చనివ్వదు. ర్యామ్ వేగం మాత్రం మార్చనిస్తుంది. ఈ వెసులుబాటు 2021లో బి560తో మొదలైంది. హెచ్610 బోర్డులో అదీ లేదు. దుకాణంలో ‘అన్నీ ఒకటే సార్’ అంటే ఒప్పుకోకండి. కె ప్రాసెసర్‌కు అదనంగా డబ్బు పెట్టి హెచ్610 బోర్డు తెచ్చుకుంటే ఆ అదనం వృథాయే.

ఏఎండీ కంపెనీ దగ్గర తాళాలు తక్కువ. డెస్క్‌టాప్ రైజెన్ చిప్‌లలో దాదాపు అన్నిటికీ గుణకం తెరిచే ఉంటుంది. బోర్డు బి450, బి550, బి650 ఉంటే చాలు. ఏ520, ఏ620 బోర్డులలో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడానికి వీల్లేదు. పేరులో ఎక్స్3డీ అని ఉండే చిప్‌ల సంగతి వేరు. 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీలలో గుణకం బిగించి ఉంటుంది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీకి ఆ బిగింపు తీసేశారు. వీటిలో క్యాష్ మెమొరీ 96 మెగాబైట్లు ఉంటుంది. అంటే కావలసిన సమాచారంలో చాలా భాగం ప్రాసెసర్ దగ్గరే నిలువ ఉంటుంది, ర్యామ్ దాకా పోయే పని తగ్గుతుంది. అందుకే ఎక్స్3డీ కొన్నవాళ్లు ఖరీదైన ర్యామ్ మీద ఎక్కువ పెట్టనక్కర లేదు.

ఇక ఎండ సంగతి. దీని మీద కొంచెం నిలబడి మాట్లాడాలి. ఎందుకంటే మనం చూసే సమీక్షలన్నీ ఏసీ గదుల్లో, 22 డిగ్రీల దగ్గర చేసినవి. మే నెలలో నెక్కొండలో మధ్యాహ్నం బయట 42, 43 ఉంటుంది. రేకుల గదిలో అయితే చెప్పనే అక్కర లేదు. ప్రాసెసర్ మీద ఉండే ఫ్యాను గాలిని చల్లబరచదు. గదిలో ఉన్న గాలితోనే వేడిని లాగి బయటికి తోస్తుంది. గది 20 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు 20 డిగ్రీలు పైకి పోతుంది. సమీక్షలో 75 డిగ్రీలు చూపించిన చిప్ మన గదిలో 95కు చేరుతుంది. ఎక్స్3డీ కాని రైజెన్ 7000 చిప్‌లకు ఏఎండీ పెట్టిన హద్దు 95. ఇంటెల్ 13, 14 తరాలకు హద్దు 100. హద్దు తగలగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కష్టపడి పెంచినదంతా మధ్యాహ్నానికల్లా పోతుంది.

వేడి ఎందుకంత పెరుగుతుందో ఒక లెక్క చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. చిప్ తినే కరెంటు దాని వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజీ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. 4.4 నుంచి 4.7 గిగాహెర్ట్జ్‌కు పోవడానికి వోల్టేజీ 1.25 నుంచి 1.375కు పెంచవలసి వచ్చిందనుకోండి. వేగం నూటికి 7 పాళ్లు పెరిగింది. వోల్టేజీ నూటికి 10 పాళ్లు పెరిగింది, దాని వర్గం 21 పాళ్లు. రెండూ కలిపితే వేడి నూటికి 29 పాళ్లు పెరుగుతుంది. ఏడు పాళ్ల వేగానికి ఇరవై తొమ్మిది పాళ్ల వేడి. కొత్త ప్రాసెసర్లను కంపెనీలే దాదాపు అంచు దాకా నడిపి పంపుతున్నాయి. 1998లో దొరికిన సగానికి సగం లాభం ఇప్పుడు ఎక్కడా దొరకదు.

దీనికి తోడు మన మార్కెట్ యార్డు చుట్టుపక్కల పత్తి నుసి, మిరప దుమ్ము. హీట్‌సింక్ రెక్కల మధ్య పత్తి పీచు పేరుకుంటే గాలి ఆడదు. సీజన్ అయిపోయాక ఒకసారి కేబినెట్ విప్పి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలుతో పట్టుకుని, బ్లోయరుతో ఊదించాలి.

ప్రాసెసర్‌ను ఉరికించనప్పుడు ఏం చేయాలి? ఏఎండీ చిప్‌లలో కర్వ్ ఆప్టిమైజర్ అని బయోస్‌లో, అంటే కంప్యూటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు తెరుచుకునే బోర్డు అమరికల పేజీలో, ఒక సౌకర్యం ఉంది. దానితో వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గించవచ్చు. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే చిప్ తన గరిష్ఠ వేగం దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది. మన వాతావరణంలో ఎక్కువ ఫలితం ఇచ్చే మార్గం ఇదేనని గట్టిగా నమ్ముతాను.

మిగిలిన శక్తి అంతా ర్యామ్ మీద పెట్టండి. జిన్నింగ్ మిల్లు ఎంత జోరుగా తిరిగినా, యార్డు నుంచి పత్తి ట్రాలీలు ఆలస్యంగా వస్తే మిల్లు ఖాళీగా తిరుగుతుంది. ప్రాసెసర్‌కు ర్యామ్ అటువంటి ట్రాలీ.

ర్యామ్ డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 3200, 3600, 6000 లాంటి వేగం. రెండోది సీఎల్ అని, 16, 18, 30 లాంటిది. మొదటి అంకె పెద్దదైతే మంచిది, రెండోది చిన్నదైతే మంచిది. రెండిటినీ కలిపి చూడాలి. సీఎల్ అంకెను 2000తో గుణించి వేగం అంకెతో భాగించండి. అడిగిన సమాచారం రావడం మొదలవడానికి ఎన్ని నానోసెకన్లు పడుతుందో తెలుస్తుంది. 3200, సీఎల్ 16 అంటే 10 నానోసెకన్లు. 3600, సీఎల్ 18 అన్నా 10 నానోసెకన్లే. 6000, సీఎల్ 30, అదీ 10. కానీ 5200, సీఎల్ 40 అయితే 15 దాటుతుంది. డీడీఆర్5 అని రాసుందని తొందరపడి చవకది కొంటే, ఎదురుచూపు విషయంలో పాత డీడీఆర్4 కన్నా వెనకబడతారు.

పొంతన ఎక్కడ కుదురుతుందో ఇప్పుడు చెబుతాను. రైజెన్ ప్రాసెసర్ లోపల భాగాలను కలిపే దారి ఒకటి ఉంది, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అంటారు. రైజెన్ 5000 చిప్‌లలో ఆ దారీ, ర్యామూ ఒకే లయలో నడిస్తే మంచిది. 3600 అని రాసిన ర్యామ్ నిజమైన లయ 1800 మెగాహెర్ట్జ్, ఎందుకంటే డీడీఆర్ ఒక్కో తాళానికి రెండుసార్లు సమాచారం పంపుతుంది. ఫ్యాబ్రిక్ కూడా 1800 దగ్గర చాలా చిప్‌లలో హాయిగా నడుస్తుంది. అందుకే రైజెన్ 5 5600 కొన్నవాళ్లకు 3600 ర్యామ్ సరైన జత. 4400 ర్యామ్ పెడితే ఫ్యాబ్రిక్ అందుకోలేదు, లయ తప్పి ఎదురుచూపు పెరుగుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ వేగం కొనుక్కున్నట్టవుతుంది. రైజెన్ 7000, 9000 చిప్‌లకు డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. వాటికి 6000, సీఎల్ 30 అన్నది బాగా కుదిరిన జత.

ఇంటెల్ 12, 13, 14 తరాలలో బోర్డును బట్టి డీడీఆర్4 కానీ డీడీఆర్5 కానీ వాడొచ్చు. రెండిటి గాటు వేర్వేరు చోట ఉంటుంది కాబట్టి ఒకటి తెచ్చి ఇంకోదానిలో దూర్చలేరు. ఒక జాగ్రత్త ఉంది. కె లేని ఇంటెల్ చిప్‌లలో ర్యామ్‌ను అదుపు చేసే భాగపు వోల్టేజీ బిగించి ఉంటుంది. డీడీఆర్4 3600 దగ్గర కొన్ని తడబడతాయి. అప్పుడు పంతానికి పోకుండా 3200 దగ్గర సీఎల్ 16తో నడపండి.

గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత లేని విద్యార్థుల కోసం ఇంకొంచెం చెప్పాలి. ర్యామ్ విద్య నిజంగా పండేది వాళ్ల దగ్గరే. రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటి చిప్‌లలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. దానికి సొంత మెమొరీ ఉండదు, మనం పెట్టిన ర్యామ్‌నే పంచుకుంటుంది. ర్యామ్ ఎంత వెడల్పుగా, ఎంత వేగంగా సమాచారం ఇస్తే ఆట అంత సాఫీగా నడుస్తుంది. 3200 ర్యామ్ ఒక్కటి పెడితే సెకనుకు 25.6 గిగాబైట్లు వస్తాయి. అదే వేగం ఉన్న రెండు ర్యామ్‌లు రెండు ఛానెళ్లలో పెడితే 51.2. వేగం 3600 చేస్తే 57.6. చూశారా, ఒకటి నుంచి రెండుకు పోవడంలో ఎంత వచ్చిందో, వేగం పెంచితే ఎంత వచ్చిందో! 16 జీబీ ఒక్క ర్యామ్‌గా కొనకండి. 8 జీబీవి రెండు కొనండి. ‘తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు’ అని దుకాణంలో ఒక్కటే అంటగట్టిన కంప్యూటర్లు మన ఊళ్లో ఎన్నో చూశాను. ఆ తర్వాత అనేది రాదు. వచ్చినా, అప్పటికి అదే పేరుతో వచ్చే ర్యామ్ లోపల చిప్‌లు వేరేవి ఉండొచ్చు. పేరు ఒకటే, నంబరు ఒకటే, లోపల ఒకదానిలో శాంసంగ్, ఇంకోదానిలో మైక్రాన్ ఉండటం మామూలే. అందుకే ఒకే పెట్టెలో రెండుగా, జతగా పరీక్షించి అమ్మే కిట్ తీసుకోవాలి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదానిలో, నాలుగోదానిలో పెట్టాలి. డీడీఆర్5 అయితే నాలుగు స్లాట్లూ నింపే ఆలోచన పెట్టుకోవద్దు. రైజెన్ 7000లో రెండు ర్యామ్‌లకు ఏఎండీ హామీ ఇచ్చే వేగం 5200 అయితే, నాలుగు పెడితే హామీ 3600కే.

కొనబోయే ముందు బోర్డు కంపెనీ వెబ్‌సైట్ తెరవండి. ఏ ర్యామ్‌ను ఏ వేగం దగ్గర పరీక్షించారో అక్కడ జాబితా ఉంటుంది. ఆ జాబితాను ఫోన్‌లో దించుకునే రైలెక్కండి. ధరల సంగతి కూడా తెలుసుకుని పొండి. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. హైదరాబాదులో 2019 నుంచి పెద్ద డిజైన్ కేంద్రం నడుపుతున్న మైక్రాన్ కంపెనీ, మనందరికీ తెలిసిన క్రూషియల్ ర్యామ్‌ల అమ్మకం నుంచి తప్పుకుంటున్నామని ఆ డిసెంబరులోనే ప్రకటించింది. మనకు ఇంత దగ్గర్లో మెమొరీ డిజైన్ జరుగుతుంటే మన పిల్లవాడికి రెండు ర్యామ్‌లు కొనడం భారం కావడం బాధగా ఉంటుంది. వరంగల్ ఎన్‌ఐటీ మెట్లెక్కే పిల్లలు ఈ రంగం మీద మనసు పెట్టాలని నా కోరిక.

ర్యామ్ బిగించగానే డబ్బా మీద ఉన్న వేగం రాదు. 3600 ర్యామ్ కొన్నవాళ్లు ఏళ్ల తరబడి 2133 దగ్గర, 2666 దగ్గర నడుపుతూ ఉంటారు. బయోస్‌లోకి పోయి ఇంటెల్ బోర్డులో ఎక్స్‌ఎంపీ, డీడీఆర్5 ఏఎండీ బోర్డులో ఎక్స్‌పో అన్నదాన్ని ఆన్ చేయాలి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీ తెరిస్తే ఇప్పుడున్న వేగం కనిపిస్తుంది. ఈ ప్రసంగం అయ్యాక ఒకసారి చూసుకోండి. పైసా ఖర్చు లేని లాభం అది. అయితే ఇది కూడా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుందనీ, దానివల్ల దెబ్బతింటే వారంటీ వర్తించదనీ ఏఎండీ స్పష్టంగా రాసి ఉంచింది. తెలిసి చేయాలి.

ప్రమాదం ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు బోర్డు మీదే కాలిపోయిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ అనే భాగానికి మితిమీరిన వోల్టేజీ ఇస్తున్నాయని తేలింది. ఏఎండీ దాన్ని 1.3 వోల్టులకు మించకుండా కొత్త బయోస్ ఇప్పించింది. మరుసటి సంవత్సరం ఇంటెల్ వంతు. 13, 14 తరాల పెద్ద చిప్‌లు అవసరానికి మించి వోల్టేజీ అడిగి, మెల్లగా అరిగిపోయి, మిషన్లు మాటిమాటికీ క్రాష్ అయ్యాయి. 2024 ఆగస్టులో ఇంటెల్ సవరణ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిన చిప్‌ను ఆ సవరణ బాగు చేయలేదు. ఈ తరం ప్రాసెసర్ పాతది కొంటున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కొత్త బోర్డు తెచ్చిన రోజే, మరేమీ ముట్టుకోకముందే, బయోస్‌ను తాజా చేయండి. కరెంటు పోతుందేమోనన్న అనుమానం ఉంటే యూపీఎస్ మీద పెట్టి చేయండి, మధ్యలో ఆగితే బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

డీడీఆర్5 వాళ్లకు మరో మాట. ఎక్స్‌పో ఆన్ చేసి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు స్క్రీన్ మీద ఏమీ రాకుండా కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌తో బోర్డు తన లెక్కలు సరిచూసుకుంటూ ఉంటుంది. పాడైందనుకుని స్విచ్ ఆపకండి. చాలాసేపు చూసినా రాకపోతే, కరెంటు తీసేసి, బోర్డు మీద సీమాస్ క్లియర్ అని ఉండే పిన్నులను స్క్రూడ్రైవరుతో ఒకసారి కలిపితే పాత అమరికకు వచ్చేస్తుంది.

ఆన్ అయింది కదా అని పని అయిపోయినట్టు కాదు. ర్యామ్ తప్పు చేస్తే మిషన్ ఆగిపోతుందనే అందరూ అనుకుంటారు. ఆగిపోతే అదృష్టమే, తప్పు జరిగిందని తెలుస్తుంది. ఆగకుండా, ఎక్కడో ఒక అంకె మారిపోయి, ఆ మారిన అంకెతోనే ఫైలు సేవ్ అయితే? స్టూడియో వాళ్లకు చెబుతున్నాను, ఒక ఇంటి పెళ్లి వీడియో మళ్లీ తీయలేరు. మెమ్‌టెస్ట్86 అనే పరీక్షను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా వేగం ఒక మెట్టు దించండి. ఒక్కటే కదా అని వదలకూడదు.

ఈ పరీక్ష జనవరిలో చేసి సరిపెట్టుకుంటే చాలదు. ర్యామ్ లోపల సమాచారం చిన్న చిన్న విద్యుత్ ఆవేశాల రూపంలో ఉంటుంది, అది కారిపోకుండా ఎప్పటికప్పుడు మళ్లీ నింపుతూ ఉండాలి. వేడి పెరిగిన కొద్దీ త్వరగా కారిపోతుంది. అందుకే 85 డిగ్రీలు దాటితే రెండింతలు తరచుగా నింపాలని ప్రమాణాల్లోనే రాశారు. చలికాలంలో నెగ్గిన అమరిక మే మధ్యాహ్నం ఓడిపోవడానికి కారణం ఇది. కాబట్టి ఎండలు ముదిరాక, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, కిటికీలు మామూలుగా ఎలా ఉంచుతారో అలాగే ఉంచి మళ్లీ పరీక్షించండి. ఒక మెట్టు తగ్గించవలసి వస్తే తగ్గించి, బయోస్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బోర్డు మీది బ్యాటరీ అయిపోయి అమరికలు చెరిగిపోయినప్పుడు ఆ ఫొటోనే ఆధారం.

మీ సేవ సెంటర్, డీటీపీ, స్కూలు ఆఫీసు, ఎరువుల దుకాణం లెక్కలు, ఇలాంటి పనులకు కంప్యూటర్ వాడేవాళ్లకు వీటిలో ఏదీ అవసరం లేదు. వాళ్లు ఓవర్‌క్లాకింగ్‌కు పెట్టే డబ్బుతో ఎస్‌ఎస్‌డీ ఒకటి, మంచి యూపీఎస్ ఒకటి కొనుక్కోవాలి. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లు కూడా కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను నమ్ముకోవద్దు. పేరున్న కంపెనీది విడిగా తీసుకోవాలి. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకుని, ఆ తర్వాతే బయోస్ తెరవండి.